కంబాలకొండకు కావలసింది మంచి కాలిబాట

విశాఖపట్నంలో ఉంటూ కంబాలకొండను చూడనివాళ్లు ఉండరు. హనుమంతవాక దాటి మధురవాడ వైపు వెళ్తుంటే హైవేకి ఒక పక్క జూ, ఇంకో పక్క ఆ కొండలు. ఆఫీసుకు, కాలేజీకి, పెళ్లిళ్లకు ఆ దారినే తిరుగుతుంటాం. వానాకాలంలో కొండల మీదికి మబ్బు దిగితే బస్సు కిటికీలోంచి ఫోన్లు బయటికి వస్తాయి. కానీ ఆ చెట్ల కింద ఒక గంటసేపు నడిచిన మనిషి నాకు తెలిసినవాళ్లలో చాలా తక్కువ. సెలవు దొరికితే అరకు వెళ్తారు, లంబసింగి వెళ్తారు, నాలుగైదు గంటలు కారులో కూర్చుని చలిని చూసి వస్తారు. ఇంటి పక్కనున్న అడవి మాత్రం చాలామందికి గోడ మీద క్యాలెండర్ బొమ్మలాగే ఉండిపోయింది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది సూటిగా చెప్పేస్తాను. కంబాలకొండలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న సింహాచలం కొండల్లోనూ మట్టి కాలిబాటలు ఉండాలి. వాటికి గుర్తులు ఉండాలి, ఏటేటా మరమ్మతు జరగాలి, చూసుకోవడానికి జీతం తీసుకునే మనుషులు ఉండాలి. జనాన్ని పూర్తిగా బయట నిలబెట్టి ఇంత పెద్ద ఊరి మధ్యలో అడవిని కాపాడుకోలేం. అడవిలోకి సిమెంటు రోడ్డు వేస్తే ఇక కాపాడుకోవడానికి ఏమీ మిగలదు. రెండున్నర అడుగుల వెడల్పున్న ఒక కాలిబాట, సరిగ్గా వేసి సరిగ్గా చూసుకుంటే, అడవికీ మనకీ ఇద్దరికీ మేలు చేస్తుంది. ఇది నేను గట్టిగా నమ్ముతున్న విషయం.

ముందు అక్కడ ఏముందో చెప్పాలి. కంబాలకొండ ఒకప్పుడు విజయనగరం రాజుల అధీనంలో ఉండేది. 1970లో అటవీశాఖ చేతికి వచ్చింది. 2002లో దాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. తూర్పు కనుమల్లో భాగం. కొంత ఎప్పుడూ పచ్చగా ఉండే పొడి అడవి, కొంత ముళ్లపొదలు, మధ్యలో అక్కడక్కడా గడ్డి మైదానాలు. సీతాఫలం, నేరేడు, ఈత, ఉసిరి, కలేకాయల పొదలు, ఏప్రిల్ నుంచి పసుపు గుత్తులతో వేలాడే రేల. చిరుతపులులు ఉన్నాయి. కణుజులు, దుప్పులు, కొండగొర్రెలు, అడవిపందులు, నక్కలు, నెమళ్లు ఉన్నాయి. తాచు, కట్లపాము, రక్తపింజరి కూడా ఉన్నాయి. ఒక చిరుతపులి తన బతుకు తాను బతుకుతున్న చోటికి పక్కనే సాఫ్ట్‌వేర్ కంపెనీలు, క్రికెట్ స్టేడియం, పాతిక అంతస్తుల అపార్టుమెంట్లు ఉన్న ఊళ్లు దేశంలో ఎన్నో లేవు.

అడవి ఇచ్చేది జంతువులను మాత్రమే కాదు. ఆ కొండల మీద పడిన వాన గెడ్డల్లోకి, అంటే కొండవాగుల్లోకి, దిగి ముడసర్లోవ చేరుతుంది. ఈ ఊరికి మొట్టమొదట నీళ్లిచ్చిన జలాశయాల్లో అదొకటి. 2018లో అదే నీటి మీద రెండు మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు పెట్టారు కాబట్టి ఆ పేరు ఈ మధ్య పేపర్లలో ఎక్కువ కనిపించింది. ఆ పలకల కింది నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఆరిలోవలో పుట్టి పెరిగిన పిల్లల్ని అడిగి చూశాను. తెలియదన్నారు. తప్పు పిల్లలది కాదు. ఆ గెడ్డ వెంబడి ఎవరూ వాళ్లని నడిపించలేదు.

జనాన్ని లోపలికి రానిస్తే అడవి పాడవుతుందనే వాదన నేను చాలామంది దగ్గర విన్నాను. అందులో మంచి మనసున్నవాళ్లు, అడవి మీద నిజమైన ప్రేమ ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల భయానికి కారణం ఉంది. బీరు సీసాలు, చిప్స్ ప్యాకెట్లు, పెద్దగా పెట్టిన పాటలు, డిసెంబరులో ఎండుగడ్డి పక్కనే వెలిగించిన చలిమంటలు అందరం చూశాం. కానీ ఆ వాదన ఒక విషయాన్ని వదిలేస్తుంది. ఇప్పుడు కూడా మనుషులు లోపలికి వెళ్తూనే ఉన్నారు. చుట్టూ ఊరున్న 71 చదరపు కిలోమీటర్లకు గోడ కట్టలేం, ప్రతి మలుపు దగ్గరా గార్డుని నిలబెట్టలేం. పశువుల దారులున్నాయి, పుల్లలు ఏరుకునేవాళ్ల దారులున్నాయి, మంట పాకకుండా వేసవికి ముందు అటవీశాఖ శుభ్రం చేసే ఖాళీ పట్టీలు, ఫైర్ లైన్లు ఉన్నాయి. తాగడానికి చాటు వెతుక్కునేవాళ్లకు ఇవన్నీ బాగా తెలుసు. తెలియనిది పిల్లల్ని తీసుకుని ఆదివారం పొద్దున నడుద్దామనుకునే కుటుంబాలకే. అంటే మంచిగా నడిచేవాళ్లకు తలుపు మూసి, చెడగొట్టేవాళ్లకు దొడ్డిదారి వదిలేశాం.

కంబాలకొండ ఎకో పార్కు ఉంది కదా అంటారు. ఉంది, దాన్ని నేను మెచ్చుకుంటాను. అభయారణ్యం లోపల ఉన్న శంభువానిపాలెం వాళ్ల భాగస్వామ్యంతో మొదలైన పని అది. చెరువులో పడవలు, పక్కనుంచి లోపలికి పోయే నడకదారి, ఇవన్నీ చాలా కుటుంబాలకు అడవి మొదటి రుచి చూపించాయి. అయితే వచ్చినవాళ్లలో ఎక్కువమంది పడవ ఎక్కి, ఊయల ఊగి, ఫొటో దిగి వెళ్లిపోతారు. అంతకంటే ముందుకి వెళ్లాలనుకున్నవాళ్లకు దారి ఎటు పోతుందో, ఎంత దూరమో, ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తులు కావాలి. నేను అడుగుతున్నది అక్కడి నుంచి ముందుకి.

ఇక్కడ కొంచెం ఆగి, కాలిబాట ఎలా చెడుతుందో, ఎలా నిలుస్తుందో చెప్పాలి. ఈ విషయం మీద మన దగ్గర మాట్లాడేవాళ్లు తక్కువ. అడవిలో దారి అంటే చెట్లు కొట్టి ఖాళీ చేసిన చోటు అనుకుంటారు. నిజానికి దారి పని మొత్తం నీళ్ల పనే.

మన కొండల రాయి ఎక్కువగా ఖోండలైట్. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరు మీదనే శాస్త్రవేత్తలు దానికి ఆ పేరు పెట్టారు. కోణార్క ఆలయాన్ని కట్టిన రాయి కూడా అదే. గాలికీ వానకీ అది తొందరగా అరిగి ఎర్రటి, వదులైన మట్టిగా మారుతుంది. వేళ్లు పట్టి ఉన్నంతకాలం ఆ మట్టి నిలబడుతుంది. జనం తొక్కి పైపొర పోయాక, వాలుకి సూటిగా పైకెక్కే దారి ఉంటే, వాన పడగానే నీళ్లన్నీ ఆ దారినే దిగుతాయి. మన దగ్గర వాన మెల్లగా పడదు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌ని ఎవరూ మర్చిపోలేదు. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను ఊరిని ముంచెత్తింది. అలాంటి ఒక్క రాత్రి చాలు, నిన్నటి దారి ఇవాళ మోకాలి లోతు గాడి అయిపోవడానికి. గాడిలో నడవలేక జనం పక్కన గడ్డి మీద నడుస్తారు. పక్కన ఇంకో గాడి పడుతుంది. నాలుగేళ్లకు రెండడుగుల దారి పదిహేను అడుగుల ఎర్రటి గాయమవుతుంది. అక్కడి నుంచి కొట్టుకుపోయిన మట్టి కింద చెరువులో చేరి పూడిక అవుతుంది.

ఒకసారి వానాకాలం చివర అక్కడ నడుస్తుంటే దారి చూపించడానికి వచ్చిన పెద్దాయన ఒక చోట ఆగి, చేతికర్రతో కిందికి చూపించి, "ఇది తోవ కాదు బాబూ, వానొస్తే గెడ్డయిపోద్ది. తోవ ఆ పక్కనుండి తిప్పాల" అన్నాడు. కొండవాలుని ఏటవాలుగా కోసుకుంటూ వెళ్లే ఒక పాత పశువుల దారిని చూపించాడు. అది సన్నగా, గట్టిగా, చెక్కుచెదరకుండా ఉంది. ఇంజినీర్లు పుస్తకాల్లో రాసేది ఆయన కర్రతో చూపించాడు.

పుస్తకాలు చెప్పేదీ అదే. కొండవాలు ఎంత ఉందో, దారి వాలు అందులో సగం మించకూడదు. సగటున వంద అడుగులు నడిస్తే పది అడుగులు ఎక్కేలా ఉంటే నీళ్లకీ మోకాళ్లకీ రెండింటికీ మంచిది. దారికి లోయ వైపు అంచు కొంచెం కిందికి ఉండాలి. అలా ఉంటే నీళ్లు దారి వెంబడి పరుగెత్తకుండా అడ్డంగా దాటి పొదల్లోకి ఇంకిపోతాయి. కొద్ది దూరానికొకసారి దారిని కాస్త దించి మళ్లీ లేపాలి, నీళ్లు అక్కడ బయటికి పోతాయి. నిటారుగా ఉన్నచోట అడ్డంగా రాళ్లు పాతాలి. మలుపుల దగ్గర జనం అడ్డదారి తొక్కుతారు కాబట్టి ఆ ఖాళీలో ముళ్లకంపలు, బండరాళ్లు పెట్టాలి. ఇందులో ఏ ఒక్కదానికీ జేసీబీ అవసరం లేదు. పార, గునపం, కొడవలి, పనిమీద దృష్టి ఉన్న నలుగురు మనుషులు చాలు. కానీ ఒకసారి చేసి వదిలేస్తే కుదరదు, ప్రతి వానాకాలానికి ముందూ తర్వాతా చెయ్యాలి. ఒక్క ప్రారంభోత్సవంతో అయిపోయే పనులకి డబ్బు దొరికినంత సులభంగా ఇలా ఏటేటా చేసే చిన్న పనికి దొరకదు. మనం మార్చాల్సిన అలవాటు ఇదే అని నాకనిపిస్తుంది.

నడిచేవాళ్ల వైపు నుంచి కూడా కొన్ని ఉన్నాయి. బురద ఉంటే పక్కకి తప్పుకోకుండా మధ్యలోంచే నడవాలి. బూట్లు కడుక్కోవచ్చు, వెడల్పైన దారిని తిరిగి సన్నగా చెయ్యలేం. గుంపుగా వెళ్తే పక్కపక్కన కాకుండా ఒకరి వెనక ఒకరు నడవాలి. ఇవి మా కాలనీ పిల్లలకు ఒక్కసారి కారణంతో సహా చెబితే, రెండోసారి వాళ్లే పెద్దవాళ్లని సరిదిద్దారు.

సిమెంటు గురించి. అడవిలో "అభివృద్ధి" అన్నప్పుడల్లా నాకు భయమేస్తుంది. రుషికొండ మీద 2021 తర్వాత పచ్చదనం ఏమైందో బీచ్ రోడ్డులో తిరిగిన ప్రతివాళ్లూ చూశారు. ఆ కొండ గురించి రాజకీయంగా ఎవరు ఏ పక్షం మాట్లాడినా, తవ్విన మట్టి తిరిగి రాదన్నది అందరూ ఒప్పుకోవాల్సిన మాట. కైలాసగిరికి రోప్‌వే ఉంది, చిన్న రైలు ఉంది, శివపార్వతుల విగ్రహాల దగ్గర కూర్చుని సముద్రం చూడొచ్చు. అది పార్కుగా బాగుంది, అలాగే ఉండనిద్దాం. అలాంటి పార్కు ఊళ్లో ఇప్పటికే ఉంది కాబట్టి కంబాలకొండను ఇంకో కైలాసగిరి చెయ్యాల్సిన పని లేదు. టైల్స్ పరిచిన నడకదారి వస్తే పక్కన లైట్లు వస్తాయి, లైట్లు వస్తే రాత్రి జనం వస్తారు, జనం వస్తే బడ్డీలు వస్తాయి, బడ్డీల చెత్తకి కుక్కలు వస్తాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది. ఆ తర్వాత చిరుతని పట్టుకోమని మనమే ధర్నా చేస్తాం. మట్టి దారి దగ్గరే ఆగిపోతే ఈ వరస మొదలవ్వదు.

చిరుత మాట వచ్చింది కాబట్టి దాన్ని దాటవేయను. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో ఒక చిన్నపాపని చిరుత ఎత్తుకుపోయి చంపేసింది. ఆ వార్త చదివిన రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. అడవిలో నడకదారులు కావాలని వాదించే ఎవరైనా ఆ పాప తల్లిదండ్రుల ముఖం గుర్తుపెట్టుకునే మాట్లాడాలి. అక్కడ జరిగింది రాత్రివేళ. ఆ తర్వాత తిరుమలలో పిల్లలతో వచ్చేవాళ్లని మధ్యాహ్నం దాటాక ఆ దారిలో పంపలేదు, భక్తుల్ని గుంపులుగా పంపారు, చేతికర్రలు ఇచ్చారు. ఈ జాగ్రత్తలన్నీ ముందు నుంచే మనకు ఉండాలి.

సూర్యుడు బాగా పైకొచ్చాక గేటు తెరవాలి, సాయంత్రం వెలుగుండగానే ఆఖరి మనిషి బయటికి రావాలి. చిరుత తిరిగేది ఎక్కువగా చీకట్లోనూ మసకవెలుతురులోనూ. చిన్నపిల్లలు ఎప్పుడూ పెద్దవాళ్ల మధ్యలోనే నడవాలి. తిండి లోపలికి తీసుకెళ్తే తొక్కలతో సహా బయటికి తేవాలి. కాపులుప్పాడ వైపున్న డంపింగ్ యార్డు, కొండ అంచు కాలనీల చెత్తకుప్పలు, వీటి చుట్టూ చేరే కుక్కలు, పందులు చిరుతకి తేలిగ్గా దొరికే తిండి. దాన్ని ఊరి అంచుకి రప్పించేది నడిచేవాళ్లకంటే ఈ కుప్పలే ఎక్కువ. ముంబయిలో సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానవనం వంద చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. చుట్టూ కోటి మందికి పైగా జనం, లోపల చిరుతలు. జనం అక్కడ కన్హేరీ గుహలదాకా వెళ్లొస్తూనే ఉన్నారు. అక్కడా కష్టాలు లేకపోలేదు. చెత్త తీయడం, వేళలు పాటించడం, పక్కన ఉండేవాళ్లకి చిరుత గురించి చెప్పడం, ఈ మూడింటి మీద వాళ్లు ఏళ్ల తరబడి పనిచేశారు. అది మనమూ చెయ్యగలం.

అడవి మొత్తం తెరవమని నేను అడగడం లేదు. ఎక్కువ భాగం మూసే ఉండాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు, నిప్పు పెట్టకూడదు. అదే చట్టం పర్యాటకానికి, చదువుకీ పరిశోధనకీ అనుమతి ఇవ్వొచ్చని కూడా చెబుతుంది. ఆ వెసులుబాటును జాగ్రత్తగా వాడుకుంటే చాలు. అంచుల్లో కొన్ని దారులు తెరిచి, లోపలి లోయల్ని జంతువులకు వదిలేయాలి. ఏప్రిల్, మే నెలల్లో గడ్డి అగ్గిపుల్లకోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది, అప్పుడు పూర్తిగా మూసెయ్యాలి. ఆ ఎండలో నడక మనుషులకీ మంచిది కాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ కొండలు నడవడానికే ఉన్నట్టుంటాయి.

హుద్‌హుద్ తర్వాత ఈ ఊరు చెట్లంటే ఏమిటో తెలుసుకుంది. ఒక్క పూటలో రోడ్ల పక్కన నీడ మొత్తం పోయింది. కొండల మీద చెట్లు విరిగి, నేలకు ఎండ తగిలిన చోటల్లా లాంటానా లాంటి పొదలు చొచ్చుకురావడానికి వీలు దొరికింది. లాంటానా ఒకసారి పట్టుకుంటే కింద గడ్డి మొలవదు, దుప్పులకు మేత ఉండదు, వేసవిలో ఎండిన కాడలు మంటని పైకి ఎక్కిస్తాయి. దాన్ని వేళ్లతో పీకాలి, మళ్లీ మొలిస్తే మళ్లీ పీకాలి. దారి వెంబడి రోజూ తిరిగే మనుషులుంటే ఆ పని జరుగుతుంది. ఎవరూ వెళ్లని చోట అది ఎంతవరకు పాకిందో ఎవరికీ తెలియదు. పొగ కూడా అంతే. అడవుల్లో మంటల్ని ఉపగ్రహాల ద్వారా గుర్తించి సమాచారం పంపే ఏర్పాటు ఉంది. అయినా కొండమీద నడుస్తున్న మనిషి పొగ వాసన పట్టి ఫోన్ చేస్తే అది ఇంకా ముందు తెలుస్తుంది.

నడిచేవాళ్లు అడవికి కాపలాదారులు అవుతారన్నది నా ఊహ కాదు. హైదరాబాదులో కేబీఆర్ పార్కు 1998లో జాతీయ ఉద్యానవనం అయింది. దాని చుట్టూ పొద్దున్నే నడిచేవాళ్లు వేలల్లో ఉంటారు. 2016లో ఫ్లైఓవర్ల కోసం పార్కు చుట్టూ చెట్లు కొట్టాలన్నప్పుడు వాళ్లే రోడ్డు మీదికి వచ్చారు, వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. రిటైరైన ఉద్యోగులు, గృహిణులు, కాలేజీ పిల్లలు చెట్ల దగ్గర నిలబడ్డారు. రోజూ తాము నడిచే నీడ కాబట్టి నిలబడ్డారు. రేపు కంబాలకొండ అంచు కొంచెం కొరుకుదామని ఎవరైనా వస్తే, హైవే మీద నుంచి మాత్రమే దాన్ని చూసిన ఊరు ఎంతసేపు నిలబడుతుంది? నా భయమంతా ఇదే. అడవి పోయాక దాని కోసం ఏడ్చేవాళ్లు చాలామంది ఉంటారు. పోకముందు అడ్డుపడేవాళ్లు కావాలంటే వాళ్ల కాళ్లకి ఆ నేల తెలిసుండాలి.

ఈ ఊరికి నడక కొత్త కూడా కాదు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ ఉంటుంది. కొండ కింద తొలిపావంచా, అంటే మొదటి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా సముద్రం దాకా వచ్చి, మాధవధార వైపు నుంచి తిరిగి కొండ చేరేదాకా 32 కిలోమీటర్లు. లక్షలమంది రాత్రంతా నడుస్తారు. డెబ్బై ఏళ్ల ముసలమ్మలు చెప్పుల్లేకుండా నడుస్తారు. దారి పొడవునా మజ్జిగ, పులిహోర, కాళ్లకు నూనె రాసే కుర్రాళ్లు. అంతమంది ఆ కొండ చుట్టూ తిరుగుతారు, కానీ దాదాపు దారంతా తారురోడ్డే. కొండ పక్కనే ఉంటుంది, చీకట్లో కనిపించదు.

పాతకాలంలో అలా లేదు. మాధవధార నుంచి కొండ మీదుగా సింహాచలం వెళ్లే మెట్లదారి ఉంది. మా నాయనమ్మ పెళ్లైన కొత్తలో ఆ దారినే గుడికి వెళ్లేదట. బస్సు డబ్బులు మిగులుతాయని మొదలైన అలవాటు తర్వాత ఇష్టమైపోయింది. నా చిన్నప్పుడు నన్నూ తీసుకెళ్లింది. దారిలో ప్రతి చెట్టునీ పేరు పెట్టి పిలిచేది. ఇది పాల, ఇది ముషిణి, దీని కాయ నోట్లో పెట్టకు, ఇది రేల, దీని గుజ్జు విరేచనానికి ఇస్తారు, ఇక్కడ కూకో, ఇక్కడ గాలొస్తాది. బడిలో ఏ టీచరూ నాకు అన్ని చెట్లు చెప్పలేదు. ఆవిడ అక్షరం చదవలేదు. ఆ జ్ఞానమంతా ఆ మెట్ల మీద నడవడం వల్ల వచ్చిందే, దారి మానేసిన ఇళ్లల్లో ఒక్క తరంలో పోయింది. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలకు చిరుతపులి జాతుల పేర్లు టీవీలో చూసి తెలుసు, ముషిణి చెట్టు చూపిస్తే తెలియదు.

అందుకే దారుల పక్కన పెట్టే బోర్డుల మీద నాకొక పట్టుదల ఉంది. చెట్ల పేర్లు తెలుగులో, ఈ ప్రాంతం వాళ్లు పిలిచే పేర్లతో ముందు రాయాలి, శాస్త్రీయ నామం కింద చిన్నగా ఉండొచ్చు. ఆ పేర్లు చెప్పాల్సింది శంభువానిపాలెం పెద్దవాళ్లు. వాళ్ల దగ్గర కూర్చుని రాసుకునే పని ఇప్పుడే చెయ్యాలి, పదేళ్ల తర్వాత అడగడానికి వాళ్లుండరు.

దారుల్ని చూసుకునే పని కూడా వాళ్లకే ఇవ్వాలని నా వాదన. అటవీశాఖలో కింది స్థాయి సిబ్బంది మీద ఇప్పటికే మోయలేనంత భారం ఉంది. మంటలు, కలప దొంగతనం, పాములు పట్టడం, కోర్టు కేసులు, మంత్రుల పర్యటనలు అన్నీ వాళ్లే చూడాలి. దారి మరమ్మతు వాళ్ల నెత్తిన పెడితే అది జరగదు. ఉమ్మడి రాష్ట్రంలో 1990ల నుంచి వన సంరక్షణ సమితులు ఉన్నాయి, అడవి పక్క ఊళ్లవాళ్లని పనిలో కలుపుకునే అలవాటు మన రాష్ట్రానికి కొత్తకాదు. గేటు దగ్గర వసూలు చేసే టికెట్ డబ్బులో ఎంత భాగం దారి పనికి వెళ్తోందో అదే గేటు దగ్గర బోర్డు మీద రాసి పెట్టాలి. నడిచేవాడికి తన డబ్బు ఎక్కడికి పోయిందో కనిపిస్తే, టికెట్ పది రూపాయలు పెరిగినా గొడవ చెయ్యడు. ఊరి కుర్రాడికి నెలంతా జీతం వస్తే, పుల్లలు కొట్టి అమ్మే పని కంటే దారి కాసే పనే నయమనుకుంటాడు. వాళ్లని "గైడ్" అని పిలిచి, పర్యాటకుడి బ్యాగు మోయించుకోవడం మాత్రం వద్దు. వాళ్లు ఆ చోటు తెలిసినవాళ్లు. వాళ్లు ఆగమన్న చోట మనం ఆగాలి.

స్పీకర్ల గురించి ఒక్క మాట. పాటలు ఇంట్లో వినొచ్చు. అడవిలో చెవులతోనే సగం చూస్తాం. కొండగొర్రె కుక్కలా అరుస్తుంది, ఆ అరుపు విన్నవాడికి దగ్గర్లో ఏదో కదిలిందని తెలుస్తుంది. స్పీకర్ పెట్టుకున్నవాడికి అది వినిపించదు, వాడి వెనక వచ్చే పదిమందికీ వినిపించదు. గేటు దగ్గరే బ్యాగులోంచి తీయించి పక్కన పెట్టించాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగితే, నేనైతే చిన్నగా ఒక్క దారితో మొదలుపెట్టమంటాను. ఎకో పార్కు చెరువు దగ్గర మొదలై, గెడ్డ వెంబడి కొంత నడిచి, ఏటవాలుగా ఒక గుట్ట అంచుకి ఎక్కి, ఇంకో వైపు నుంచి మళ్లీ చెరువుకే తిరిగొచ్చే మూడు కిలోమీటర్ల దారి. వెళ్లిన తోవనే తిరిగి రానక్కర్లేదు కాబట్టి ఎదురెదురు జనం తక్కువ పడతారు. మొదటి అరకిలోమీటరు చదునుగా ఉంటే మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా అంతవరకు వచ్చి కూర్చుంటారు. మలుపు మలుపుకీ రాయి మీద ఒకే రంగు గుర్తు, ప్రతి అరకిలోమీటరుకీ దూరం రాసిన చిన్న రాయి, గేటు దగ్గర లోపలికి వెళ్లినవాళ్ల పేర్లు, వెళ్లిన వేళ, వచ్చిన వేళ రాసే పుస్తకం. రోజుకి ఇంతమందే అని ఒక హద్దు. ఒక ఏడాది చూద్దాం. దారి ఎక్కడ కోసుకుపోయింది, జంతువుల జాడలు తగ్గాయా, జంతువు కదిలితే వాటంతటవే ఫొటో తీసే కెమెరా ట్రాపుల్లో ఏం పడింది, జనం ఏం వదిలేసి వెళ్లారు, ఇవి చూసి రెండో దారి సంగతి ఆలోచించవచ్చు. లెక్క బాగోకపోతే ఆ ఒక్కదాన్నీ మూసెయ్యాలనే వాదన నేనే ముందు చేస్తాను.

దీనికి చెయ్యి కలపదలుచుకున్నవాళ్లు ఊళ్లో ఉన్నారు. కాలేజీల్లో ఎన్ఎస్ఎస్ పిల్లలున్నారు, ఆంధ్రా యూనివర్సిటీలో వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివేవాళ్లున్నారు, పక్షులు చూసే బృందాలున్నాయి, బీచ్‌లో పొద్దున్నే ప్లాస్టిక్ ఏరేవాళ్లున్నారు. అనుమతి ఇచ్చి, పని చూపించే ఒక అధికారి, తోవ చూపించే ఆ పెద్దాయనలాంటి ఇద్దరు ముగ్గురు ఉంటే సరిపోతుంది. డివిజన్ అటవీ అధికారికి రాసే వినతిపత్రం మా కాలనీ సంఘంలో తయారు చేశాం, సంతకాలు తీసుకుంటున్నాం. ఆరిలోవ, విశాలాక్షినగర్, మధురవాడ, పీఎం పాలెం కాలనీలవాళ్లు కూడా తమ తమ సంఘాల తరఫున రాస్తే దానికి బరువొస్తుంది. జూన్‌లో మొదటి వానలు పడినప్పుడు ఆ మూడు కిలోమీటర్ల మీద గొడుగేసుకుని ఒకసారి నడిచి, నీళ్లు ఎటు పోతున్నాయో చూసి గుర్తు పెట్టుకోవాలి. దసరా లోపు అడ్డరాళ్లు పడితే, అక్టోబరు తుపాన్లకు ఆ పని ఎంత నిలబడిందో తేలిపోతుంది.